ఇన్‌స్పెక్షన్‌లో మా కౌన్సిల్‌కు చెడ్డ రిపోర్టు వచ్చింది, ఇక మా బాబు ఫైలు కదులుతుందా?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. మావారు స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఐటీ ఉద్యోగం చేస్తున్నారు. బాబుకు ఆరేళ్లు, ఇయర్ 1 చదువుతున్నాడు. మాటలు సరిగా రావు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. ‘అన్నం తింటావా?’ అంటే జవాబు చెప్పడు, ‘అన్నం తింటావా’ అని అదే మాట తిరిగి అంటాడు. క్లాసులో గోల ఎక్కువైతే చెవులు మూసుకుని టేబుల్ కింద దూరతాడు. వారంలో రెండు మూడుసార్లు స్కూలు నుంచి పదకొండింటికే ఫోన్ చేసి తీసుకెళ్లమంటారు. నా ఉద్యోగం మానేయాల్సి వచ్చింది. ఈహెచ్‌సీ ప్లాన్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు, ఆరోగ్యం, సంరక్షణలో ఇవ్వాల్సిన సహాయం రాసే పత్రం) కోసం ముందు చేసే అసెస్‌మెంట్‌కు అక్టోబర్‌లో కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టాం. అసెస్ చేయబోమని జనవరి 9 తేదీతో లెటర్ వచ్చింది. బాబుకు ఇంగ్లిష్ రెండో భాష కాబట్టి వెనకబడ్డాడని, డయాగ్నసిస్ లేదని, స్కూలు తన బడ్జెట్ నుంచి ఇంకా 6,000 పౌండ్లు ఖర్చు పెట్టలేదని కారణాలు రాశారు. ఆ బాధలో లెటర్ డ్రాయర్‌లో పడేశాను. ఈలోగా విద్యా సేవలను తనిఖీ చేసే సంస్థ ఆఫ్‌స్టెడ్ మా కౌన్సిల్‌ను తనిఖీ చేసి, స్పెషల్ నీడ్స్ సేవల్లో తీవ్రమైన లోపాలున్నాయని రిపోర్టు ఇచ్చింది. ఇక కౌన్సిలే పాత ఫైళ్లన్నీ తిరగేస్తుంది, ఆగండి అని ఫ్రెండ్స్ అంటున్నారు. ఆఫ్‌స్టెడ్‌కు మా కష్టం రాస్తే సరిపోతుందా? మావారేమో బాబును స్కూలు మాన్పించి ఇంట్లో చదివిద్దామని, లేకపోతే ఒక ఏడాది గుంటూరులో మా అమ్మ దగ్గర ఉంచుదామని అంటున్నారు. ఈ గొడవ వల్ల వీసాకు ఏమైనా అవుతుందేమోనని కూడా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, ఇంగ్లండ్

జవాబు: అమ్మా, మీరు రాసిన దాంట్లో కేసును తేల్చేది ఒకటే ఉంది: జనవరి 9 అనే తేదీ. కౌన్సిల్ నిర్ణయం మీద సెండ్ ట్రిబ్యునల్‌కు (ప్రత్యేక విద్యావసరాల వివాదాలు తేల్చే న్యాయ సంస్థకు) అప్పీలు చేసుకోవడానికి ఆ లెటర్ పంపిన రోజు నుంచి రెండు నెలలు గడువు. మీరు కవరు ఎప్పుడు చించారు, ఎప్పుడు మనసు కుదుటపడి చదివారు అన్నది ఎవరూ అడగరు. అంటే మార్చి 9. మీ ఉత్తరం నాకు చేరేసరికే ఫిబ్రవరి మూడో వారం వచ్చేసింది.

ఆ లెటర్‌ను డ్రాయర్‌లో పడేయడం చాలా పెద్ద అజాగ్రత్త. అప్పీలు హక్కు ఉందని, గడువు ఇంత అని, మీడియేషన్ (మధ్యవర్తిత్వం) అడ్వైజర్ ఫోన్ నంబరు ఇదని ఆ లెటర్‌లోనే రాసి ఉండాలి. మీరు మొదటి పేరా చదివి ఆపేశారని నాకు అర్థమవుతోంది. ఇప్పుడే తీసి చివరి పేజీ చూడండి. మార్చి 9లోపు ఆ అడ్వైజర్‌కు ఫోన్ చేసి, మీడియేషన్ వద్దు, అప్పీలుకు జత చేయాల్సిన సర్టిఫికెట్ ఇవ్వండి అని చెప్పండి. మీడియేషన్‌కు కూర్చోవాలని చట్టం మిమ్మల్ని బలవంతం చేయదు, దాని గురించి వాళ్లతో ఒకసారి మాట్లాడి ఉంటే చాలు. మూడు పనిదినాల్లో సర్టిఫికెట్ ఇస్తారు. ఆ సర్టిఫికెట్ తేదీ నుంచి ఒక నెల, లెటర్ తేదీ నుంచి రెండు నెలలు, ఈ రెండింటిలో ఏది తర్వాత వస్తే అదే మీ ఆఖరు తేదీ. అలాగని చివరి రోజు దాకా లాగకండి. గడువు దాటాక ట్రిబ్యునల్ ఒప్పుకోవచ్చు, కానీ ఆలస్యానికి గట్టి కారణం చూపించాలి. ఇన్‌స్పెక్షన్ రిపోర్టు వచ్చింది కదా అని ఆగాం అంటే అది కారణం కాదు.

ఇక ఆ రిపోర్టు సంగతి. మీ ఫ్రెండ్స్ మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ చెప్పింది తప్పు. ఈ తనిఖీని ఆఫ్‌స్టెడ్, ఆరోగ్య సేవలను చూసే కేర్ క్వాలిటీ కమిషన్‌తో కలిసి చేస్తుంది. 2023 జనవరి నుంచి కొత్త పద్ధతి నడుస్తోంది. కౌన్సిల్, ఆ ప్రాంతంలో ఎన్‌హెచ్‌ఎస్‌ను (ప్రభుత్వ ఆరోగ్య సేవను) నడిపే బోర్డు, ఇద్దరినీ కలిపి చూస్తారు. పిల్లలకు స్పీచ్ థెరపీ సమయానికి అందుతోందా, ప్లాన్లు నాణ్యంగా రాస్తున్నారా, తల్లిదండ్రుల మాట వింటున్నారా అన్నవి పరీక్షిస్తారు. ఫలితం మూడు రకాలుగా ఉంటుంది. అన్నిటికంటే కింది రకం వస్తే ప్రాధాన్య చర్యల ప్రణాళిక ఒకటి రాసివ్వాలి, సుమారు ఏడాదిన్నరకు మళ్లీ వచ్చి చూస్తారు, మూడేళ్లలోపు పూర్తి తనిఖీ మళ్లీ జరుగుతుంది. ఇదంతా అవసరమే. ఇలాంటి తనిఖీలు లేకపోతే చాలా చోట్ల పరిస్థితి ఇంకా అధ్వానంగా ఉండేది. తనిఖీలో భాగంగా కొంతమంది పిల్లల ఫైళ్లు కూడా లోతుగా చదువుతారు. కానీ ఒక్క పిల్లవాడి విషయంలో కౌన్సిల్ చెప్పిన ‘కాదు’ను ‘అవును’గా మార్చే అధికారం ఆ ఇన్‌స్పెక్టర్లకు లేదు. మీరు రాసే ఉత్తరం వాళ్లకు సమాచారం అవుతుంది, అంతే. ఏడాదిన్నర తర్వాత వాళ్లు మళ్లీ వచ్చే నాటికి మీ బాబు ఇయర్ 3లో ఉంటాడు.

ఆ రిపోర్టును అప్పీలుకు జత చేయాలని కూడా ఆరాటపడకండి. మీ కౌన్సిల్ మంచిదా చెడ్డదా అని ట్రిబ్యునల్ చూడదు. అది అడిగే ప్రశ్నలు రెండే. చిల్డ్రన్ అండ్ ఫ్యామిలీస్ యాక్ట్ 2014, సెక్షన్ 36లో ఉన్నాయి. ఈ పిల్లవాడికి ప్రత్యేక విద్యావసరాలు ఉన్నాయా, లేదా ఉండవచ్చా? వాటిని ఈహెచ్‌సీ ప్లాన్ ద్వారా తీర్చాల్సిన అవసరం రావచ్చా? రెండు చోట్లా ‘వచ్చు’ అనే ఉంది చూడండి. తప్పనిసరిగా ఉందని మీరు రుజువు చేయనక్కర్లేదు. మరి డయాగ్నసిస్? చట్టం అడగలేదు. 6,000 పౌండ్లు? అది స్కూలు నిధుల లెక్క, అసెస్‌మెంట్‌కు అది చట్టపరమైన షరతు కాదు. ఈ రెండు కారణాలకూ అప్పీలులో చెరొక వాక్యం చాలు.

మీరు జాగ్రత్తగా కొట్టాల్సింది మిగిలిన కారణాన్ని, ఇంగ్లిష్ రెండో భాష అన్నదాన్ని. అదే చట్టం సెక్షన్ 20లో, ఇంట్లో మాట్లాడే భాష వేరు, బడిలో చెప్పే భాష వేరు అన్న ఒక్క కారణంతోనే ఒక బిడ్డకు అభ్యసన ఇబ్బంది ఉందని అనకూడదు అని ఉంది. వలస కుటుంబాల పిల్లలకు అనవసరమైన ముద్ర పడకుండా పెట్టిన రక్షణ అది. కౌన్సిల్ దాన్నే మీ మీదకు తిప్పింది. కాబట్టి ఇబ్బంది ఇంగ్లిష్‌తో కాదు, తెలుగులోనూ ఉందని మీరు చూపించాలి. అడిగిన ప్రశ్ననే తిరిగి అంటాడు అని మీరు రాసిన ఆ ఒక్క వాక్యం, మిగతా ఉత్తరమంతటి కంటే విలువైనది. ఎందుకంటే అది తెలుగులో జరుగుతోంది. పుట్టినప్పటి నుంచి వింటున్న భాషలో, అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు రావడం లేదు. దీనికి ఇంగ్లిష్ రాకపోవడం ఎలా కారణమవుతుంది?

దాన్ని సాక్ష్యంగా మార్చండి. భోజనం దగ్గర, స్నానం దగ్గర, అమ్మమ్మతో వాట్సాప్ వీడియో కాల్‌లో మామూలుగా మాట్లాడేటప్పుడు చిన్న చిన్న వీడియోలు తీయండి. ప్రతిదానికీ తేదీ, మీరేమన్నారు, వాడేమన్నాడు అన్నది ఇంగ్లిష్‌లో రెండు లైన్లు రాసి పెట్టండి. వాడిచేత నటింపజేయవద్దు, ఉన్నదానికి మించి చెప్పవద్దు. వాడు చక్కగా మాట్లాడిన రోజు ఉంటే అది కూడా ఇవ్వండి, అప్పుడే మిగతాది నమ్ముతారు. అమ్మమ్మకు తెలిసింది ఆవిడ మాటల్లోనే రాయించి, అనువాదం జత చేయండి. ఎన్‌హెచ్‌ఎస్ స్పీచ్ థెరపిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ ఉంటే, తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను పెట్టి రెండు భాషల్లోనూ చూడమని ఇప్పుడే ఈమెయిల్ చేయండి. హైదరాబాద్‌లో ఏ పిల్లల డాక్టరుకైనా చూపించి ఉంటే ఆ కాగితాలూ పనికొస్తాయి.

స్కూలు ఫోన్లు ఇంకా బలమైన సాక్ష్యం. మీరు వాటిని అవమానంగా మోస్తున్నారు గానీ, మామూలు సహాయంతో బాబును పూట కూడా ఉంచలేకపోతున్నామని స్కూలే ఒప్పుకుంటున్న రుజువు అది. ప్రవర్తన కారణంగా ఇంటికి పంపితే దాన్ని సస్పెన్షన్‌గా రికార్డు చేయాలి. ఊరికే ‘తీసుకెళ్లండి’ అని ఫోన్ చేయడం, మీరు సరేనన్నా సరే, చట్టబద్ధం కాదు. ఇప్పుడు టీచర్లతో పోట్లాటకు దిగకండి. మీ ఫోన్ కాల్ హిస్టరీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఇకముందు ఫోన్ వచ్చిన ప్రతిసారీ అదే రోజు సెన్‌కోకు (స్కూల్లో ప్రత్యేక అవసరాల పిల్లల బాధ్యత చూసే టీచరుకు) ఒక మర్యాదైన ఈమెయిల్ పంపండి: ఈ రోజు ఇన్ని గంటలకు పిలిచారు, ఈ కారణం చెప్పారు, ఇన్ని గంటలకు తీసుకెళ్లాను. ఇప్పటిదాకా ఇచ్చిన సహాయం, దాని ఫలితం రికార్డులు కూడా రాతపూర్వకంగా అడగండి. సహాయం ఇచ్చినా ముందుకు పోలేదని ఆ కాగితాల్లో ఉంటే మీ పని సగం అయినట్టే.

ఇప్పుడు మీవారి ఆలోచన గురించి గట్టిగా చెప్పాలి. బాబును స్కూలు మాన్పిస్తూ ఉత్తరం రాయకండి. ఎవరు సలహా ఇచ్చినా, హెడ్ టీచరే మెల్లగా సూచించినా సంతకం పెట్టకండి. మాన్పించిన రోజు నుంచి చదువు బాధ్యత, ఖర్చు పూర్తిగా మీవే అవుతాయి. అప్పీలు హక్కు పోదు గానీ, స్కూలు నుంచి రావాల్సిన సాక్ష్యం అక్కడితో ఆగిపోతుంది. పదకొండింటికి ఫోన్లు రావు కాబట్టి అంతా బాగానే ఉందని కౌన్సిల్ అంటుంది. గుంటూరు ఆలోచన అంతకంటే ప్రమాదం. చట్టం ప్రకారం కౌన్సిల్ బాధ్యత తన పరిధిలో ఉన్న పిల్లలకే. బాబు ఏడాది అక్కడ ఉంటే ఈ కేసే ఉండదు, తిరిగొచ్చాక స్కూలు సీటు దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. అమ్మమ్మ ప్రేమ వాడికి కావాలి, ఎవరూ కాదనరు. వేసవి సెలవుల్లో తీసుకెళ్లండి.

వీసా భయం వదిలేయండి. ప్రభుత్వ బడిలో చదువు, ఈహెచ్‌సీ అసెస్‌మెంట్, ప్లాన్ ఇవేవీ ఇమ్మిగ్రేషన్ నిబంధనల్లో ‘పబ్లిక్ ఫండ్స్’ కిందకు రావు. అయితే వైకల్యం ఉన్న పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే డిజెబిలిటీ లివింగ్ అలవెన్స్ మాత్రం వాటి కిందకు వస్తుంది. మీ వీసా మీద ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ (ఆ నిధులు తీసుకోకూడదు) అని ఉంటే, ఎవరో వాట్సాప్ గ్రూపులో చెప్పారని దానికి దరఖాస్తు చేయకండి.

అసెస్‌మెంట్ నిరాకరణకు వాడే అప్పీలు ఫారం సెండ్35ఏ. ఫీజు లేదు. కౌన్సిల్ లెటర్, మీడియేషన్ సర్టిఫికెట్, పైన చెప్పిన సాక్ష్యాలు జత చేయండి. విచారణకు పిలిస్తే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ఫారంలోనే రాయండి, అయితే ఈ రకం అప్పీళ్లు ఎక్కువగా కాగితాల మీదే తేలతాయి. ఫారం నింపడానికి లాయరే కావాలని లేదు. ప్రతి కౌన్సిల్ పరిధిలోనూ సెండియాస్ అనే ఉచిత సలహా సేవ ఉంటుంది, ఇప్సియా అనే చారిటీ నమూనా ఉత్తరాలు ఇస్తుంది. అప్పీలు పడగానే చాలా కౌన్సిళ్లు వాదించకుండా అసెస్‌మెంట్‌కు ఒప్పుకుంటాయి. అలా ఒప్పుకుంటే రాతపూర్వకంగా తీసుకోండి, నోటి మాట మీద అప్పీలు వెనక్కి తీసుకోకండి. ట్రిబ్యునల్ ఆదేశిస్తే రెండు వారాల్లో మొదలుపెడుతున్నట్టు కౌన్సిల్ మీకు తెలపాలి.

ఇన్‌స్పెక్షన్ రిపోర్టు పనికొచ్చే చోటు ఒకటుంది. అసెస్ చేస్తారో లేదో ఆరు వారాల్లో చెప్పాలని నిబంధన. అక్టోబర్‌లో ఏ రోజు దరఖాస్తు పెట్టినా డిసెంబర్ మధ్యకల్లా ఆ గడువు అయిపోయింది. ఆ ఆలస్యం మీద కౌన్సిల్‌కు విడిగా ఫిర్యాదు చేయండి. సరైన జవాబు రాకపోతే లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు, మామూలుగా 12 నెలలు గడువు. ఆలస్యాలు మీ ఒక్కరికే కాదని చూపడానికి అక్కడ ఆ రిపోర్టు పెట్టండి. దానికి ఇంకా టైముంది. ముందు మీడియేషన్ అడ్వైజర్‌కు ఫోన్ చేయండి.