ఫార్మాట్‌కి అప్పుడే సరేననకండి

ప్రశ్న: మా విండోస్ 11 ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే లోగో వస్తుంది, 'ఆటోమేటిక్ రిపేర్' అని కాసేపు తిరిగి మళ్ళీ మొదటికే వస్తోంది. షాపులో ఫార్మాట్ కొడితే బాగవుతుందన్నారు. కానీ అందులో పాప చిన్నప్పటి ఫొటోలు, నా పీహెచ్‌డీ చాప్టర్లు ఉన్నాయండి, బ్యాకప్ లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: షాపువాళ్ళు అబద్ధం చెప్పలేదండీ, ఫార్మాట్ కొడితే ల్యాప్‌టాప్ లేవొచ్చు, కానీ మీకు కావాల్సింది ల్యాప్‌టాప్ కాదు కదా. పైగా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని కొత్తరకం డిస్క్) ఉన్న మెషీన్‌లో ఫార్మాట్ అయ్యాక పాత ఫైళ్ళు తిరిగి రావడం దాదాపు కల్ల. కాబట్టి ముందు ఫైళ్ళు బయటికి తీయాలి, రిపేరు సంగతి ఆ తర్వాత.

పాతరకం హార్డ్ డిస్క్ అయితే ఇంట్లో అలికిడి లేనప్పుడు ఒక్కసారి ఆన్ చేసి, చెవి దగ్గరపెట్టి వినండి. టక్... టక్... అని ఆగి ఆగి కొడుతుంటే వెంటనే ఆపేసి డేటా రికవరీ చేసేవాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళండి, ఇంకొక్కసారి చూద్దాం అని ఆన్ చేసేకొద్దీ ఉన్నది కాస్తా పోతుంది.

అలాంటి చప్పుడేమీ లేదా? వేరే కంప్యూటర్‌లో ఉబుంటు (విండోస్ లాంటిదే, పెన్‌డ్రైవ్ నుంచి కూడా నడిచే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) దించుకుని, రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి (అందులో పాతవన్నీ చెరిగిపోతాయి, ఖాళీది వాడండి). దాన్ని మీ ల్యాప్‌టాప్‌కి పెట్టి, ఆన్ చేస్తూనే ఎఫ్12 గానీ ఎఫ్9 గానీ, కంపెనీని బట్టి మారుతుంది, టకటకా నొక్కితే బూట్ మెనూ వస్తుంది. పెన్‌డ్రైవ్ ఎంచుకుని, ఉబుంటు అడిగినప్పుడు 'ట్రై' అనండి, 'ఇన్‌స్టాల్' జోలికి మాత్రం పోవద్దు. సీ డ్రైవ్‌లోని 'యూజర్స్' ఫోల్డర్‌లో మీ పేరుతో ఉన్నదాన్ని మొత్తంగా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. డీ డ్రైవ్ ఉంటే అదీ చూడండి.

ఒక చిక్కుంది. విండోస్ 11లో చాలా వాటికి బిట్‌లాకర్ తాళం దానంతటదే పడి ఉంటుంది, డ్రైవ్ తెరవబోతే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్తే సాధారణంగా అక్కడే దొరుకుతుంది. ఆ కీ ఎక్కడా లేకపోతే డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కి తగిలించినా ఫైళ్ళు తెరుచుకోవు, షాపువాళ్ళైనా ఏమీ చేయలేరు.

అన్నట్టు, ఇదంతా మొదలుపెట్టే ముందు ఫోన్‌లో వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఆన్‌లైన్ స్టోరేజీ) తెరిచి చూడండి, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు మీకు తెలియకుండానే అందులోకి చేరి ఉండొచ్చు. మీ గైడ్‌కి చాప్టర్లు మెయిల్‌లో పంపే అలవాటుంటే సెంట్ బాక్స్ కూడా వెతకండి.