జడ్జీలకు కూడా ఓట్లేస్తారా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా అమ్మాయి కాలిఫోర్నియాలో, శాన్ హోజేలో ఉంటుంది. అక్కడి పౌరసత్వం వచ్చింది. గవర్నర్ ఎన్నికల బ్యాలెట్ పోస్టులో ఇంటికొస్తే, అందులో రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జీల పేర్లు, పక్కనే 'ఎస్', 'నో' అని గడులు ఉన్నాయట. "వీళ్లెవరో నాకు తెలీదమ్మా, ఏం పెట్టను?" అని ఫోన్‌లో అడిగింది. నాకేమో జడ్జీలకు ఓట్లేమిటో అర్థం కాలేదు. జనం జడ్జిని నిజంగా తీసేయగలరా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తీసేయగలరమ్మా. 1986 నవంబరులో తీసేశారు కూడా. అప్పటికి నేను నల్లకోటు వేసుకుని రెండేళ్లయింది. మా సీనియర్ గారి ఆఫీసులో ఇంగ్లిషు పేపరు లోపలి పేజీలో ఆ వార్త చూశాను. ఆవిడ పేరు రోజ్ బర్డ్, కాలిఫోర్నియా చీఫ్ జస్టిస్. ఆనాటి నుంచి ఆవిడ గురించి ఎక్కడేం దొరికినా చదువుతూనే ఉన్నాను.

ముందు పద్ధతి చెబుతాను. అక్కడ ప్రతి రాష్ట్రానికీ సొంత పై కోర్టు ఉంటుంది. మన హైకోర్టు లాంటిదనుకోండి. కాలిఫోర్నియాలో ఏడుగురు జడ్జీలు. గవర్నరు పేరు చెబుతారు, ముగ్గురు సభ్యుల కమిషన్ ఒప్పుకోవాలి. తర్వాత వచ్చే గవర్నర్ ఎన్నికల్లో ఆ పేరు జనం ముందుకెళ్తుంది. ఎదురు పోటీ ఉండదు, ఉంచాలా వద్దా అన్నదే ప్రశ్న. పూర్తి పదవీకాలం 12 ఏళ్లు. టెక్సాస్ రాష్ట్రంలోనైతే జడ్జీలు పార్టీ పేరు మీదే పోటీ చేస్తారు.

రోజ్ బర్డ్ చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లి ఫ్యాక్టరీలో పనిచేసి పెంచింది. బర్క్‌లీ యూనివర్సిటీలో లా చదివి, డబ్బులేని ముద్దాయిల తరఫున సర్కారు జీతంతో వాదించే లాయరుగా శాంటా క్లారా కౌంటీలో చేరింది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. మీ అమ్మాయి ఉండే ఊరు ఆ కౌంటీదే. ఆ ఆఫీసులో మొదటి ఆడ లాయరు ఆవిడే.

1975లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఆవిడకు వ్యవసాయ శాఖ అప్పగించాడు. ఆ రోజుల్లో అక్కడి పొలాల్లో కూలీల చేత మూరెడు పిడి ఉన్న పారతో కలుపు తీయించేవారు. పిడి అంత పొట్టిదైతే రోజంతా నడుం వంచే ఉండాలి. వంగినవాడు పనిచేస్తున్నట్టు, లేచినవాడు ఆగినట్టు మేస్త్రీకి దూరం నుంచే తెలిసిపోతుంది. తెనాలి చుట్టుపక్కల వరి కలుపుకి వెళ్లే ఆడవాళ్లు సాయంత్రం గట్టెక్కి నడుం మీద చెయ్యేసుకుని నిలబడటం మీరు చూసే ఉంటారు. ఆ నొప్పి ఎలాంటిదో నేను వేరే చెప్పక్కర్లేదు. ఆవిడ ఆ శాఖలో చేరిన ఏడాదే ఆ పారను నిషేధించారు. పెద్ద రైతులకు ఆవిడ మీద కోపం అక్కడే మొదలైంది.

1977లో, 40 ఏళ్ల వయసులో చీఫ్ జస్టిస్ అయింది. అంతకుముందు ఒక్కరోజు కూడా జడ్జిగా కూర్చోలేదు. ఆ కోర్టులో అడుగుపెట్టిన మొదటి మహిళ ఆవిడే. మరుసటి ఏడాది జనం ఓటులో 51.7 శాతంతో గట్టెక్కింది.

అసలు గొడవ ఉరిశిక్షల దగ్గర వచ్చింది. మన దగ్గర సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేస్తే హైకోర్టు ఖరారు చేయాలి కదా, అక్కడ అలాంటి ప్రతి కేసూ నేరుగా రాష్ట్ర సుప్రీంకోర్టుకే అప్పీలుకి వెళ్తుంది. ఆవిడ ముందుకొచ్చినవి 64. అన్నింటిలోనూ శిక్ష రద్దు చేయాలనే రాసింది. 64కి 64 అంటే ముందే నిర్ణయించుకుని కూర్చుందని జనం అనుకున్నారు. వాళ్లలా అనుకోవడంలో తప్పు లేదు. కానీ అందులో 61 కేసుల్లో కనీసం మరో ముగ్గురు జడ్జీలు ఆవిడతో ఏకీభవించారు. 1986 ఓటుకు ముందు ఆవిడను దించాలని చేసిన ప్రచారంలో ఆ మాట చెప్పలేదు. హత్యకు గురైనవాళ్ల తల్లిదండ్రులను టీవీ ప్రకటనల్లో చూపించారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు ఏ లా పాయింటు నిలుస్తుంది? ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది 'నో' అన్నారు. ఆవిడతో పాటు జోసెఫ్ గ్రోడిన్, క్రూజ్ రేనోసో అనే మరో ఇద్దరు జడ్జీలూ పోయారు.

నేను జూనియర్‌గా ఉన్నప్పుడు మా జిల్లాలో ఒక హత్య కేసు నడిచింది. ఊరంతా ముద్దాయికి శిక్ష పడాల్సిందే అంది. సాక్షులు నిలబడలేదు, జడ్జి గారు బెనిఫిట్ ఆఫ్ డౌట్ ఇచ్చి వదిలేశారు. బయట ఒకటే కేకలు. ఆయన గంటసేపు ఛాంబర్‌లో కూర్చుని, టిఫిన్ క్యారియరు పట్టుకుని వెనక గేటు నుంచి వెళ్లారు. మర్నాడు పదిన్నరకు మళ్లీ బెంచి మీద ఉన్నారు. ఆ ఊరి ఓటు మీద ఆయన కుర్చీ ఆధారపడి ఉంటే ఆ తీర్పు రాసేవారా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే జడ్జీలకు ఓట్లు పెట్టడం నాకు ఇష్టం లేదు.

దిగిపోయాక రోజ్ బర్డ్ ఈస్ట్ పాలో ఆల్టోలో పేదలకు ఉచితంగా న్యాయసహాయం చేసే ఒక ఆఫీసుకు వెళ్లి, ఏదైనా పని చేస్తానంది. వాళ్లు గుర్తుపట్టక జిరాక్సులు తీసే పని ఇచ్చారు. తానెవరో చెప్పకుండా తీస్తూ కూర్చుంది. 1999లో రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. 63 ఏళ్లు.

మీ అమ్మాయికి చెప్పండి: ఆ జడ్జీలు రాసిన తీర్పుల్లో ఒకటో రెండో వెతికి చదవమనండి, ఆ కోర్టు వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. టైము లేకపోతే ఆ గడులు ఖాళీగా వదిలేయొచ్చు, మిగతా బ్యాలెట్ చెల్లుతుంది.