పది లక్షల సమీకరణాలుంటే డైరెక్ట్ సాల్వరా, ఇటరేటివ్ సాల్వరా?

పది లక్షల తెలియని రాశులున్న లీనియర్ సిస్టమ్‌కి (సరళ సమీకరణాల గుంపుకి) ఒక్కో రాశినీ తొలగిస్తూ (ఎలిమినేషన్) ఒకేసారి జవాబు తేల్చే డైరెక్ట్ సాల్వర్ వాడాలా, ఒక అంచనాతో మొదలెట్టి దాన్ని సరిదిద్దుకుంటూ పోయే ఇటరేటివ్ సాల్వర్ వాడాలా అని అడిగారు. రెండు డైమెన్షన్ల గ్రిడ్ అయితే కళ్ళు మూసుకుని స్పార్స్ (మాట్రిక్స్‌లోని సున్నాలను వదిలేసి మిగతావే దాచుకునే) డైరెక్ట్ సాల్వర్ వాడండి. మూడు డైమెన్షన్లయితే ఎలిమినేషన్‌లో సున్నాలు పోయి కొత్త సంఖ్యలు వచ్చి చేరడం (ఫిల్-ఇన్) మెమరీని మింగేస్తుంది కాబట్టి ఇటరేటివ్. మీ ప్రశ్నకు జవాబు ఇంతే. అయితే ఈ ప్రశ్న అడిగేవాళ్ళలో ఎక్కువమందికి ఇబ్బంది సాల్వర్‌తో కాదు, మాట్రిక్స్‌తో. దాని మొహం మాత్రం ఎవరూ చూడరు.

మా టీమ్‌లో ఒకబ్బాయి ద్రవప్రవాహం కోడ్ రాశాడు. ప్రతి టైమ్ స్టెప్‌లోనూ పీడనం కోసం పాయిసాన్ సమీకరణం సాల్వ్ చేయాలి. కాంజుగేట్ గ్రేడియంట్ అనే ఇటరేటివ్ పద్ధతి పెట్టాడు. రెసిడ్యువల్ (సమీకరణాల్లో ఇంకా మిగిలిన తేడా) మొదట చక్కగా దిగింది, ఒకచోట ఆగింది, తర్వాత మెల్లగా పైకి పాకడం మొదలెట్టింది. "సార్, జీఎమ్‌రెస్‌కి మారిపోనా?" అన్నాడు టెన్షన్‌గా. అదీ ఇటరేటివ్ పద్ధతే. నేను నోరు తెరిచేలోపే మారాడు కూడా. ఈసారి రెసిడ్యువల్ గీత కొంత దిగి అక్కడే పడుకుంది. ప్రీకండిషనర్ (ఇటరేషన్లు త్వరగా ముగిసేలా మాట్రిక్స్‌ని ముందే సులువు చేసే ఉపాయం) మార్చాడు, టాలరెన్స్ (ఎంత తేడా మిగిలితే ఆపాలనే హద్దు) సడలించాడు. చివరికి డైరెక్ట్ సాల్వర్‌కి ఇస్తే జవాబు వచ్చేసింది! సంబరంగా ప్లాట్ పట్టుకొచ్చాడు. రంగులు బాగానే ఉన్నాయి. పక్కన స్కేల్ చూస్తే పీడనం 10¹² దగ్గరుంది.

అన్నీ 1లే ఉన్న వెక్టర్‌తో మాట్రిక్స్‌ని గుణించి చూడమన్నాను. సున్నా వచ్చింది. అతను సరిహద్దులన్నిట్లోనూ వేగమే ఇచ్చాడు, పీడనం ఎక్కడా ఇవ్వలేదు. అలాంటప్పుడు పీడనానికి ఏ స్థిరసంఖ్య కలిపినా సమీకరణాలకు తేడా తెలియదు, అంటే మాట్రిక్స్ సింగ్యులర్ (ఒకే ఒక్క జవాబు తేల్చలేనిది). అలాంటిదానికి జవాబంటూ ఉండాలంటే కుడివైపు సంఖ్యల మొత్తం సున్నా కావాలి. అతని లెక్కలో లోపలికొచ్చే ప్రవాహానికీ బయటికిపోయేదానికీ కొద్దిగా తేడా ఉంది. లేని జవాబు కోసం ఇటరేటివ్ పద్ధతులు పాపం ఎంత వెతికినా ఏం లాభం? డైరెక్ట్ సాల్వర్‌లో సున్నా కావాల్సిన చివరి పివట్ (ఎలిమినేషన్‌లో భాగించే సంఖ్య) దగ్గర రౌండింగ్ వల్ల కాస్త చిల్లర మిగిలింది. దాంతోనే భాగించేసి, నోరు మెదపకుండా ఓ జవాబు పడేసింది. నాకు డైరెక్ట్ సాల్వర్ల మీద కోపం అందుకే, కనీసం మొరాయించవు.

ప్రవాహాలు సరిచేసి, కుడివైపు నుంచి సగటు తీసేశాక, మొదట పెట్టిన కాంజుగేట్ గ్రేడియంటే ఇన్‌కంప్లీట్ చోలెస్కీ అనే ప్రీకండిషనర్‌తో హాయిగా కిందికి దిగింది.

అసలు డైరెక్ట్, ఇటరేటివ్ అని గోడ కట్టడమే నాకు నచ్చదు. 1952లో హెస్టీన్స్, స్టీఫెల్ అనే గణితవేత్తలు కాంజుగేట్ గ్రేడియంట్‌ని ప్రచురించినప్పుడు, రౌండింగ్ లేకపోతే n రాశులకు n అడుగుల్లోపు కచ్చితమైన జవాబిచ్చే పద్ధతి అది, అంటే ఒకరకంగా డైరెక్టే. రౌండింగ్ వల్ల ఆ హామీ నిలబడక చాలాకాలం మూలనపడింది. 1970లలో దాన్ని ఇటరేటివ్ పద్ధతిగా చూడటం మొదలయ్యాకే దశ తిరిగింది.

ఇంకో మాట. కాలేజీల్లో మూడు సమీకరణాల లెక్కలు చేయించి పంపడం వల్ల కాబోలు, ఇప్పటికీ మాట్రిక్స్ ఇన్వర్స్ కనుక్కుని గుణించేవాళ్ళున్నారు. పది లక్షల రాశులతో మూడు డైమెన్షన్ల గ్రిడ్‌లో వరసకి ఏడు సంఖ్యల చొప్పున చూస్తే మాట్రిక్స్ 100 మెగాబైట్లలో పట్టేస్తుంది. దాని ఇన్వర్స్‌లో మాత్రం సున్నాలు మిగలవు, 8 టెరాబైట్లు కావాలి. ఎందుకండీ అంత శిక్ష?

మీ ప్రశ్నలో గ్రిడ్ ఎలాంటిదో, మాట్రిక్స్ సిమెట్రిక్కో కాదో, బౌండరీ కండిషన్లేమిటో ఒక్కటీ లేదు. అవి రాయండి, ప్రీకండిషనర్ సంగతి అప్పుడు మాట్లాడదాం.