గోవాలో పేకాటకు పదివేలు చాలు, ఎఫ్‌డీ జోలికి మాత్రం వెళ్లకండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. చేతికి 46,000 వస్తుంది. ఇంటి ఖర్చు, ఇద్దరు పిల్లల ఫీజులు, బండి ఈఎంఐ కలిపి 34,000. చీటీకి 5,000, పాప సుకన్య ఖాతాకు 2,000 కడుతున్నాను. బ్యాంకులో 1,10,000 ఎఫ్‌డీ ఉంది. డిసెంబరులో ముగ్గురు స్నేహితులతో నాలుగు రోజులు గోవా వెళ్తున్నాం. టికెట్లకు, గదికి డబ్బు పక్కన పెట్టేశాను. మూడు రాత్రులు క్యాసినోలో పోకర్ ఆడాలని ఉంది. పెద్ద పందేలు కాదు, 50-100 టేబుల్. 5,000తో కూర్చోవచ్చట. ఎఫ్‌డీలోంచి 30,000 తీసి, మూడు నెలల్లో తిరిగి వేసేద్దామనుకుంటున్నాను. చాలకపోతే లక్షన్నర లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డు ఉంది. సంక్రాంతికి ఊళ్లో రమ్మీలో నాదే పైచేయి. గెలిస్తే పన్ను ఎంత? – ఒంగోలు పాఠకుడు

జవాబు: సెలవుల్లో నాలుగు ఆటలు పేకాడటం తప్పని నేను అనను. గోవాలో క్యాసినోలు చట్టబద్ధమే. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది పోకర్ కాదు, 'మూడు నెలల్లో తిరిగి వేసేద్దాం' అన్న మాట. మీ లెక్కల ప్రకారమే నెలకు మిగిలేది 5,000. మూడు నెలలకు 15,000. మిగతా 15,000 ఎక్కడి నుంచి వస్తుంది? ఆటలో గెలుస్తానని మనసులో ముందే జమ వేసుకున్నారు. పెళ్లి ఖర్చుకైనా, స్థలం అడ్వాన్సుకైనా చాలామంది చేసే పొరపాటు ఇదే. రాని డబ్బును నమ్ముకుని ఉన్న డబ్బును కదిలిస్తారు.

ఆ 1,10,000 ఊరికే పడి ఉన్న డబ్బని మీకు అనిపిస్తోంది. కానీ మీ ఇంటికున్న ఎమర్జెన్సీ ఫండ్ అదొక్కటే. నెలకు 34,000 ఖర్చున్న ఇంటికి ఆరు నెలలకు 2,04,000 కావాలి. మీ దగ్గరున్నది మూడు నెలలకు కాస్త ఎక్కువ. అందులోంచి 30,000 తీస్తే 80,000 మిగులుతుంది, అంటే రెండు నెలల పది రోజులు. మీరు పనిచేసేది ఎగుమతి ఆర్డర్ల మీద నడిచే రంగంలో. ఆర్డరు ఆగితే ముందు షిఫ్టులు తగ్గుతాయి, తర్వాత జీతం ఆలస్యమవుతుంది. ఈ సంగతి గెలాక్సీ గ్రానైట్ రాయి కోసే ఊళ్లో ఉన్న మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అలాంటి జీతం మీద బతికే ఇంటికి ఆరు నెలల నిధి కూడా నా దృష్టిలో కనీసమే.

ఇంకో లోటు కూడా కనిపిస్తోంది. ఆరోగ్య బీమా ప్రస్తావనే మీ ఉత్తరంలో లేదు. ఈఎస్‌ఐ వేతన పరిమితి 21,000 కాబట్టి మీరు దాని పరిధిలోకి రారు. కంపెనీ గ్రూప్ పాలసీ ఉన్నా అది ఉద్యోగం ఉన్నంతవరకే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ ఆరోగ్య పాలసీల ప్రీమియంపై జీఎస్‌టీ తీసేశారు. క్యాసినోపై జీఎస్‌టీని 28 నుంచి 40 శాతానికి పెంచిందీ అదే రోజు. టేబుల్ దగ్గర కూర్చునేలోపు ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఫ్లోటర్ పాలసీ తీసుకోండి. చాలా పాలసీల్లో ప్రమాదాలకు తప్ప మిగతా జబ్బులకు మొదటి 30 రోజులు కవర్ ఉండదు కనుక డిసెంబరు దాకా ఆగొద్దు.

ఇక ఆట సంగతి. ప్రయాణానికి ఇంకా ఐదు నెలలుంది. నెలకు 5,000 చొప్పున 25,000 మిగులుతుంది. అందులో 15,000 బీమాకు, ఎమర్జెన్సీ ఫండ్‌కు పోవాలి. పోకర్‌కు 10,000. మొత్తం ప్రయాణానికి అంతే, రాత్రికి అంత అని కాదు. 5,000 చొప్పున రెండు కవర్లు చేయండి. మొదటి రాత్రికి ఒకటి, రెండో రాత్రికి ఒకటి. రెండింటిలో ఏమైనా మిగిలితేనే మూడో రాత్రి ఆట, లేకపోతే ఆ రాత్రి బీచ్.

రమ్మీలో గట్టివారు కాబట్టే మీకు ఈ హెచ్చరిక. రమ్మీలో ఎంత చెత్త ముక్కలు పడ్డా ఫుల్ కౌంట్ 80 పాయింట్లు దాటదు, నష్టానికి ఒక గోడ ఉంటుంది. పందేనికి పరిమితి లేని 'నో లిమిట్' పోకర్‌లో ఆ గోడ లేదు. టేబుల్ మీద మీ ముందున్నదంతా ఒకే ఆటలో పోవచ్చు. 50-100 టేబుల్ అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా 50, 100 పెట్టాలి, ఆ 100ని బిగ్ బ్లైండ్ అంటారు. అక్కడ 5,000 అంటే 50 బిగ్ బ్లైండ్లే, మామూలుగా కూర్చునేదాంట్లో సగం. మీకు ఏస్, కింగ్ వచ్చి పందెం 400కి పెంచారనుకోండి (రెయిజ్). ముగ్గురు కాల్ చేస్తే, అంటే అంతే పెడితే, మధ్యలో పోగైన పందెం (పాట్) 1,600. ఫ్లాప్‌లో, అంటే బల్ల మీద అందరికీ ఉమ్మడిగా తెరిచే మొదటి మూడు ముక్కల్లో, ఏస్ పడింది, 1,000 బెట్ పెట్టారు, ఒకడు కాల్ చేశాడు. టర్న్‌లో, అంటే నాలుగో ముక్క తెరిచాక, వాడు ఆలిన్ అంటాడు, తన ముందున్నదంతా పెట్టేస్తాడు. మీ దగ్గర మిగిలింది 3,600. ఏస్ జత వదలబుద్ధి కాదు, కాల్ చేస్తారు. వాడి దగ్గర రెండు జతలుంటే, రివర్‌లో, అంటే చివరి ఐదో ముక్కలో, మీకు ముక్క కలవకపోతే మొదటి కవరు అక్కడికి సరి. కూర్చుని పావుగంట కూడా కాకపోవచ్చు. అలాంటప్పుడే చెయ్యి రెండో కవరు వైపు వెళ్తుంది. అది రేపటిది, గదిలోనే ఉండాలి.

ఎవరూ లెక్కేయని ఖర్చు రేక్. ప్రతి పాట్ నుంచి క్యాసినో తీసుకునే వాటా అది. ఊళ్లో అరుగు మీది ఆటలో ఇది ఉండదు. 5 శాతం రేక్, సగటు పాట్ 1,500, గంటకు 25 ఆటలు అనుకుందాం. టేబుల్ మీద నుంచి గంటకు 1,875 పోతుంది. తొమ్మిది మంది పంచుకుంటే మనిషికి గంటకు 200 పైమాటే. ఐదు గంటలు కూర్చుంటే వెయ్యి. అంటే మీతో సమానంగా ఆడేవాళ్ల మధ్య సమానంగా ఆడినా రాత్రికి వెయ్యి ఓడినట్టే, డీలర్‌కు ఇచ్చే టిప్పు దానికి అదనం. చిప్స్ కొనేముందు కౌంటర్లో రెండు విషయాలు అడగండి. మొదటిది, జీఎస్‌టీ ఎలా పట్టుకుంటారు, ఇచ్చిన డబ్బుకు ఎంత విలువ చిప్స్ చేతికొస్తాయి. రెండోది, ఎంట్రీ ప్యాకేజీతో ఇచ్చే చిప్స్‌కు డబ్బు తిరిగిస్తారా. చాలాచోట్ల అవి ఆడటానికే తప్ప క్యాష్ చేసుకోవడానికి పనికిరావు. మందు ప్యాకేజీలోనే వస్తుంది. లేచేదాకా దాని జోలికి పోకండి.

క్రెడిట్ కార్డు మాట మాత్రం నాకు అస్సలు మింగుడుపడలేదు. కార్డు మీద 20,000 నగదు తీశారనుకోండి. ఫీజు 2.5 శాతం, వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుంటే ఫీజు 500, వడ్డీ 700, ఆ రెండింటి మీద 18 శాతం జీఎస్‌టీ 216. నెల తిరిగేసరికి 21,416. సరుకులు కొన్నప్పటిలా గడువు రోజులుండవు, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలు. నెలకు 5,000 మిగిలే మీకు అది తీరడానికి దాదాపు ఐదు నెలలు. చీటీ ముందే పాడుకోవడం, నూటికి మూడు రూపాయల వడ్డీకి నోటు రాయడం, లోన్ యాప్... వీటి గురించి వాదనే అక్కర్లేదు, వద్దు. టేబుల్ దగ్గర స్నేహితుల మధ్య చేబదులు కూడా వద్దు, ఇవ్వడమూ వద్దు, తీసుకోవడమూ వద్దు. ఈ మాట నలుగురూ బయల్దేరకముందే అనుకోండి.

మార్కాపురం రోడ్డు స్టేషన్లో గోవా వెళ్లే వాస్కో బండి ఎక్కేలోపే ఆ 10,000 నగదుగా తీసి పెట్టుకోండి. క్రెడిట్ కార్డు ఇంట్లో బీరువాలో ఉండాలి. తీసుకెళ్లక తప్పదంటే బ్యాంకు యాప్‌లో నగదు విత్‌డ్రాయల్ ఆపేసి, స్వైప్ లిమిట్ హోటల్ బిల్లుకు సరిపడా తగ్గించండి. క్యాసినోకు వెళ్లేటప్పుడు డెబిట్ కార్డు గది లాకర్లో పెట్టి, యూపీఐ రోజువారీ లిమిట్ 2,000కు దించండి. భోజనానికి, ట్యాక్సీకి అది చాలు.

పన్ను గురించి అడిగారు. పేకాట గెలుపుపై 30 శాతం పన్ను, దానిమీద 4 శాతం సెస్, మొత్తం 31.2 శాతం. కొత్త పన్ను విధానంలో రిబేట్ (పన్ను మాఫీ) వల్ల మీ జీతం మీద పన్ను పడదు. కానీ ఈ రాబడికి ఆ రిబేట్ వర్తించదు, వెయ్యి గెలిచినా పన్నే. మొదటి రాత్రి 12,000 గెలిచి రెండో రాత్రి 9,000 ఓడితే మిగిలిన 3,000కే పన్ను అనుకోకండి. ఓటమిని, ఖర్చుల్ని తీసివేయనివ్వరు. గెలుపు 10,000 దాటితే అక్కడే టీడీఎస్ పట్టుకుంటారు, రసీదు దాచండి. అలాంటి రాబడి ఉన్న ఏడాది రిటర్నుకు ఐటీఆర్-1 ఫారం చెల్లదు, ఐటీఆర్-2 వేయాలి.

ఈలోపు ఫోన్లో డబ్బు పెట్టి ప్రాక్టీసు చేయొద్దు. ఆన్‌లైన్ పోకర్‌ను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ 2025 కేంద్ర చట్టం దేశమంతటా ఆపేసింది. ఇంకా నడుస్తున్న విదేశీ యాప్‌లో డబ్బు ఇరుక్కుంటే ఫిర్యాదు చేసినా తిరిగొస్తుందన్న ఆశ లేదు. ఏ ముక్కల కలయిక దేనికంటే పెద్దదో, ఎప్పుడు ఫోల్డ్ చేయాలో (ఆట వదిలేయాలో) నేర్చుకోవడానికి నలుగురూ కూర్చుని అగ్గిపుల్లలతో ఆడితే చాలు.

కవర్లలో డబ్బు మిగిలి వస్తే, వచ్చిన వారంలోనే ఆ ఎఫ్‌డీ ఉన్న బ్యాంకులోనే ఇంకో చిన్న ఎఫ్‌డీ వేయండి. ఏమీ మిగలకపోయినా జనవరి జీతం నుంచి నెలకు 5,000 దానికే వెళ్లాలి, 2,04,000 అయ్యేదాకా.