మీ తాతగారి మాగాణిలో పార్కు వేసే ముందు

చిరంజీవి అల్లుడికి,

చెరువు కింద ఎనిమిదెకరాలూ ప్లాట్లు వేయకుండా ఊరందరికీ పార్కుగా ఇస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషించానో! ఉద్యానశాఖలో ముప్ఫై ఏళ్లు పనిచేశాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

మొక్కలు ఇప్పుడే కొనకు. ఒక వానాకాలం మొత్తం పొలం చూడు. నీళ్లు ఎటునుంచి దిగుతున్నాయి, ఏ మడిలో ఎన్నాళ్లు నిలుస్తున్నాయి, అన్నీ రాసిపెట్టుకో. మీ తాతగారి దగ్గర పనిచేసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే వెంట తీసుకెళ్లు. ఏ గట్టు కింద ఊట ఉందో వాళ్లకే తెలుసు.

ఇక అసలు సంగతి. అది తరతరాలుగా దమ్ము చేసిన, అంటే వరి నాట్లకోసం నీళ్లు పెట్టి బురదగా దున్నిన నేల. పైన జానెడు మెత్తగా ఉన్నా కింద మన్ను పెంకులా గట్టిపడి ఉంటుంది. వరికి నీళ్లు నిలిచేది దానివల్లే, చెట్టు వేరుకు అడ్డుపడేదీ అదే. నేను ఒకసారి ఇలాంటి మడిలో చిన్న గుంటలు తీయించి వేపమొక్కలు పెట్టించాను. ఒక్క తుఫానుకు గుంటలన్నీ నిండిపోయి, వేళ్లు కుళ్లి సగానికి పైగా చచ్చిపోయాయి. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే పల్లపు మళ్లను కదిలించకు, నీటిమడుగులుగా ఉండనీ. తుంగ, జమ్ము వాటంతటవే వస్తాయి, వాటి వెనకే కొంగలు, నీటికోళ్లు. మడుగుల అంచున తెల్లమద్ది, నేరేడు, కానుగ వేయి. మెరకలో మాత్రం లోతుగా దున్నించి ఆ పెంకు పగిలాకే వేప, రేల, వెలగ.

ఏళ్ల తరబడి యూరియా, డీఏపీ తిన్న నేల కదా, సాగు ఆపగానే వయ్యారిభామ కలుపు విరగబడుతుంది. పూత రాకముందే వేళ్లతో సహా పీకించు. కూలీలకు చేతి తొడుగులు తప్పకుండా ఇవ్వు, ఆ దురద మామూలుది కాదు.

వీలైతే ఢిల్లీలో వజీరాబాద్ దగ్గరున్న యమునా జీవవైవిధ్య పార్కు చూసి రా. 457 ఎకరాలు. 2002లో మొదలుపెట్టినప్పుడు ఉప్పు తేలిన నేల. ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం తొందరపడలేదు, ముందు ఉప్పును తట్టుకునే గడ్డి పెంచింది. 2016లో అక్కడ చిరుతపులి కనిపించింది. అంత పెద్ద నగరంలో!

కాగితాల విషయంలో ముందు అన్నదమ్ములందరి సంతకాలు తీసుకో. నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం ఉంది, చెట్టు కొట్టాలన్నా బోరు వేయాలన్నా ముందే అధికారులను అడుగు.

గట్లు చదును చేయించకు, జనం నడవడానికి అవే దారులు. కళ్లం దగ్గర చింతచెట్టు కింద అరుగు కట్టిస్తే చాలు, సిమెంటు బొమ్మలు వద్దు. ఒక మడిలో మాత్రం ఏటా పాతరకం వరి నాటించు. బడి పిల్లలు వచ్చి నాట్లు వేయాలి, కోత కోయాలి.

దసరాకు వస్తాను. అప్పటిదాకా మోటబావిని ఎవరు పూడ్చమన్నా పూడ్చకు, చుట్టూ గోడ కట్టించి పైన ఇనుప వల వేయించు.

ఆశీస్సులతో,
మీ మామయ్య