దుర్యోధనుడి కిరీటం కోసం చీటీ పాడాలా?

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. మందుల షాపులో పని, నెలకు ₹17,000 జీతం. శివరాత్రికి మా ఊళ్లో వేసే రాయబారం నాటకంలో నాది దుర్యోధనుడి వేషం. హార్మోనియం, మైకు, స్టేజీ ఖర్చుల్లో నా వాటా కట్టేశాను. ఇక మిగిలింది డ్రెస్సు. కిరీటంతో సహా కొత్త సెట్టు ₹18,000 అన్నారు. అద్దెకైతే రాత్రికి ₹1,500, అడ్వాన్సు ₹3,000. సొంతమైతే ఎప్పటికీ ఉంటుందని ఆశ. జూన్‌లో పాప ఫీజుకని వేసిన ₹50,000 చీటీ ఉంది. పాట ఇప్పుడు ₹12,000 దగ్గర పోతోంది, పాడేయమంటున్నారు స్నేహితులు. నెలకు ₹2,000కు మించి మిగలదు, పండక్కి నాలుగు నెలలుంది. ఏం చేయమంటారు?

జవాబు: చీటీ జోలికి పోకండి. ₹12,000 వదులుకుని పాడితే చేతికొచ్చేది ₹38,000, కమీషన్ విడిగా పట్టుకుంటే ఇంకా తక్కువ. డ్రెస్సుకు ₹18,000 పోగా మిగిలిన ఇరవై వేలు జూన్ దాకా ఇంట్లో నిలుస్తాయా? నిలవకపోతే ఫీజుకు మళ్లీ అప్పే. చీటీ చివరికొచ్చేకొద్దీ పాట తగ్గుతుంది కాబట్టి ఫీజు గడువు దగ్గరపడ్డాకే పాడండి.

కొత్త సెట్టు ధర 12 రాత్రుల అద్దెతో సమానం. శివరాత్రి, శ్రీరామనవమి, పక్క ఊళ్లో ఇంకొకటి, ఇలా ఏడాదికి మూడు నాటకాలు వేసినా అద్దెకు సరితూగడానికి నాలుగేళ్లు పడుతుంది. ఈలోగా కిరీటం గిల్టు నల్లబడుతుంది, వెల్వెట్టు చెమటకు అట్టకడుతుంది, రాళ్లు ఊడుతుంటాయి. అందుకే ఈ ఏడాదికి అద్దే నయం. సొంతం చేసుకోవాలన్న ఆశ తీరే దారి ఒకటుంది. దుర్యోధనుడు, కీచకుడు, కంసుడు, పౌరాణికాల్లో ఈ ప్రతినాయకులందరి బీరువా దాదాపు ఒకటే. మీ నాటక సమాజంలో అలాంటి వేషాలు వేసేవాళ్లు మరో ఇద్దరుంటే తలా ₹6,000 వేసుకుని వచ్చే ఏడాది కొనండి. తల కొలతలు మాత్రం ముందే చూసుకోండి. వదులైన కిరీటం పద్యం మధ్యలో కళ్లమీదికి జారితే సుయోధనుడి పరువు పోతుంది.

అద్దెకు తెచ్చేది కిరీటం, భుజకీర్తులు, కంఠహారాలు, జరీ కోటు. పెట్రోమాక్సు రోజులైనా ఎల్‌ఈడీ రోజులైనా వెనక వరసలోవాడికి కనిపించేవి తలా భుజాలే. చర్మానికి తగిలేవి మాత్రం సొంతంగా కొనండి: విగ్గు, మీసం, దాన్ని అంటించే స్పిరిట్ గమ్, ముఖానికి పూసే పాన్‌కేక్. వీటికి ₹2,000. పాతకాలంలో ముఖానికి అర్దళం అనే పసుపుపచ్చ పొడి పూసేవారు, చవకని ఎవరైనా ఇస్తే తీసుకోకండి. అందులో ఆర్సెనిక్ అనే విషం ఉంటుందని మందుల షాపులో పనిచేసేవారికి నేను చెప్పాలా!

కడియాలు, చెవిపోగులకు చిలకలపూడి రోల్డ్ గోల్డ్ రకం చాలు, ₹700 దాటనివ్వకండి. పంచెకు మీ పెళ్లినాటి పట్టుపంచె తీయండి. ఉత్తరీయానికని ఇంట్లోని పాత పట్టుచీరకు కత్తెర పెట్టొద్దు. అది నిజమైన వెండి జరీ అయితే దాని ధర మీ అద్దెను మించిపోవచ్చు. ఆవిడ అనుమతి సంగతి సరేసరి.

గద మీరే చేసుకోవచ్చు, ₹300 పెట్టుకోండి. పీవీసీ పైపుకు థర్మోకోల్ బంతి గుచ్చి, ఫెవికాల్‌తో మూడు నాలుగు పొరలు న్యూస్ పేపరు అంటించి, బాగా ఆరాక బంగారు రంగు వేయండి. స్ప్రే పెయింటు నేరుగా థర్మోకోల్ మీద కొడితే అది కరిగి గుంటలు పడుతుంది.

అద్దె ₹1,500, అలంకరణ ₹2,000, నగలు ₹700, గద ₹300, చేతి ఖర్చు ₹500. మొత్తం ₹5,000. అడ్వాన్సు ₹3,000 తిరిగొచ్చేదే అయినా ఆ రోజుకు చేతిలో ఉండాలి. అంటే ₹8,000, మీ నాలుగు నెలల మిగులు సరిగ్గా అంతే. జీతం పడ్డ రోజే ₹2,000 వేరే ఖాతాలోకి మార్చేయండి. అడ్వాన్సు తిరిగొచ్చాక వచ్చే ఏడాది వాటాలో సగం సిద్ధంగా ఉన్నట్టే.

శివరాత్రికి డ్రెస్సులకు గిరాకీ ఎక్కువ, కనుక ఇప్పుడే మాట్లాడుకుని రసీదు తీసుకోండి. సెట్టు చేతికిచ్చేటప్పుడే ఊడిన రాళ్లను, చిరుగులను ఫోన్లో ఫోటో తీసి ఉంచండి. లేకపోతే పాత నష్టాలన్నీ మీ అడ్వాన్సులో కోసేస్తారు.

స్టేజీ మీద చదివింపులు వస్తాయని అవి లెక్కలో వేసుకుంటున్నారేమో, అక్కడ సున్నా పెట్టండి. మీ పద్యాల మీద అపనమ్మకంతో అనడం లేదు. వచ్చినవి హార్మోనిస్టుతో ఎలా పంచుకోవాలో మాత్రం రిహార్సల్స్‌లోనే తేల్చుకోండి.