సమీక్ష చదివి నిద్రపోని చెల్లెకు

హనుమకొండ
ఫిబ్రవరి

చెల్లె,

నీ ఉత్తరం అందింది. సమీక్ష కటింగ్ కూడా జతచేసి మంచి పని చేశావు. లేకపోతే నువ్వు రాసినదాన్ని బట్టి ఆయన నీ పుస్తకాన్ని చించి పోగులు పెట్టాడనే అనుకునేదాన్ని. రెండుసార్లు చదివాను. అంత ఘోరమేమీ లేదు. "ఇక కథలు రాయను" అన్న నీ వాక్యాన్ని మాత్రం నేను చదవనట్టే లెక్క.

పోయిన నెల నీ ఆవిష్కరణ సభలో నలుగురు పెద్దలు మాట్లాడారు, శాలువా కప్పారు, "తెలంగాణ కథకు కొత్త గొంతు" అన్నారు. ఆ సంబరం దిగకముందే ఈ సమీక్ష వచ్చింది కాబట్టి దెబ్బ గట్టిగా తగిలింది. పెళ్లి భోజనానికి కూర్చున్నవాళ్లు పప్పులో ఉప్పు తక్కువైందని మైకులో చెప్పరు కదా, మన సభల మర్యాద కూడా అంతే. వక్తల్లో ఇద్దరు వేదిక మీదే పుస్తకం తిరగేయడం నేను వెనక వరుసలో కూర్చుని చూశాను. ఈ సమీక్షకుడు మాత్రం చివరి కథ దాకా చదివాడు. నీకు చుట్టం కాదు, స్నేహితుడు కాదు, అయినా పుస్తకం మొత్తం చదివిన మొదటి మనిషి బహుశా ఆయనే.

ముందు ఒక పెన్సిల్ తీసుకున్నాను. "రచయిత్రికి ఇంకా అధ్యయనం అవసరం" అన్న వాక్యం కొట్టేశాను. ఈ మాట పడని కొత్త రచయిత మన భాషలో లేడు. దేని మీద అధ్యయనమో చెప్పలేదు కాబట్టి దానితో నువ్వు చేయగలిగింది ఏమీ లేదు. "ఈ తరం కథల్లో వర్ణనలే ఉండవు" అన్నది ఆయన ఇష్టాయిష్టాల గురించి, దాన్నీ వదిలెయ్. ఇంకో మూడు మాటలు మిగులుతాయి. నీ నిద్ర పోగొట్టినవీ అవే, పనికొచ్చేవీ అవే.

మొదటిది నీ మిర్చి రైతు కథలో చపాటా మిర్చి గురించి. "ఈ చపాటా నోట్లో పెడితే కళ్లలో నీళ్లు తిరగాల్సిందే" అని రైతు సరుకు అమ్మిపెట్టే అడ్తిదారుతో అనిపించావు. ఎనుమాముల మార్కెట్ యార్డులో ఏ అడ్తిదారూ ఆ మాట అనడు. చపాటాకు మంచి పేరు రంగుతో వచ్చింది, కారంతో కాదు. లావుగా, గుండ్రంగా ఉంటుందని టమాటా మిర్చి అని కూడా అంటారు. పచ్చళ్లకు కొనేది ఆ ఎరుపు కోసమే. 2025లో వరంగల్ చపాటాకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు పేపర్లన్నీ ఇదే రాశాయి. కారం కావాలంటే తేజ మిర్చి పెట్టు. ఇది చిన్న తప్పని నువ్వు అంటున్నావు. మిర్చి పండించే ఇంట్లో పుట్టినవాడు నీ కథను నమ్మడం ఆ లైను దగ్గరే ఆపేస్తాడు, ఆ తర్వాత నువ్వు ఎంత కన్నీళ్లు పెట్టించే సీను రాసినా వాడికి ఎక్కదు. ఇలాంటి తప్పు పట్టుకున్నవాడికి అప్పుపడ్డట్టే. థాంక్స్ చెప్పాలనిపిస్తే ఒక్క ముక్క రాయి, కింద వివరణ మాత్రం పెట్టకు.

రెండోది నిన్ను బాగా కాల్చింది: "ముగింపు కృత్రిమంగా ఉంది." దీని మీద రెండు పేజీలు వాదించావు నాతో. ఆయనకు అలా అనిపించింది. అనిపించలేదని నువ్వు ఎట్లా నిరూపిస్తావు? అయితే ఆ వెంటనే "రైతు ఆత్మహత్యతో ముగిస్తే కథ బలంగా ఉండేది" అని సలహా కూడా ఇచ్చాడు. అది వినకు. మన కథల్లో రైతును అవసరం ఉన్నా లేకున్నా చంపి చంపి పాఠకుడికి చలనం లేకుండా చేశాం. ఎక్కడ తేడా కొట్టిందో చదివినవాడు చెబితే నమ్మాలి, ఎలా దిద్దాలన్నది మాత్రం రాసినదానివి నువ్వే వెతుక్కోవాలి.

వెతుకుదాం. నీ రైతు రాత్రంతా యార్డులో బస్తాల మీద పడుకుంటాడు. తెల్లారి వేలంలో జెండా పాట అవుతుంది, మంచి ధర పలుకుతుంది, బిడ్డ కాలేజీ ఫీజు పైసలు చేతికొస్తాయి, కథ అయిపోతుంది. జెండా పాట ధర యార్డులో ఎంతమందికి దక్కుతుందో ఎవరినైనా అడిగావా? మేలైన సరుకు ఒకటి చూసి ఆ రోజుకు పై ధర పాడతారు. అది పేపర్లో వస్తుంది. తర్వాత సరుకు కొనే ఖరీదుదారు ఒక్కొక్క కుప్ప దగ్గరికి వచ్చి చేత్తో తీసి చూస్తాడు, తేమ ఉందంటాడు, తాలు కలిసిందంటాడు, క్వింటాలుకు వేలల్లో కోసేస్తాడు. జెండా పాట ధర రాలేదని రైతులు గొడవకు దిగిన వార్తలు ప్రతి సీజన్‌లో చూస్తూనే ఉంటాం. నీ ముగింపు కృత్రిమంగా ఉండటానికి కారణం సుఖాంతం కావడం కాదు, ఆ ధర ఆ రైతుకు రాదు కాబట్టి. సమీక్షకుడికి ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు, ఏదో అతకలేదని మాత్రం తెలిసింది.

ఇప్పుడు ఇట్లా ఆలోచించు. జెండా పాట వినగానే ఆ రైతు ఇంటికి ఫోన్ చేసి బిడ్డకు ఆ అంకె చెబుతాడు. ఆ పిల్ల ఫీజు కట్టొచ్చని లెక్క వేసుకుంటుంది. గంట తర్వాత ఖరీదుదారు వచ్చి పిడికెడు మిర్చి తీసి చూసి ఇంకో అంకె చెబుతాడు. రెండో ఫోన్ చేయాలా వద్దా? చేస్తే ఏమని చెప్పాలి? ఎవరూ చావనక్కర్లేదు. నీ కథ అక్కడుంది చెల్లె, నువ్వు పక్క నుంచి నడిచి వచ్చేశావు.

మూడోది యాస. కోస్తా పాఠకులకు అర్థం కాదన్నాడని నీకు కోపం వచ్చింది. రావాల్సిందే. కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9ని భాషా దినోత్సవంగా జరుపుకునే చోట ఉండి, ఇంకా ఈ మాట వినాలా అని నాకూ ఒళ్లు మండుతుంది. ఒక్క మాటా మార్చకు. కానీ ఆయన ఇచ్చిన ఉదాహరణ చూశావా? దడువాయి అంటే కాంటా వేసే మనిషని నాలుగో పేజీ దాకా తెలియలేదట. నిజమే. హైదరాబాద్‌లో ఉండే మన జిల్లా పిల్లలకే తెలియదు ఆ మాట. దడువాయిని కథలోకి తెచ్చినప్పుడే బస్తాను కాంటా మీదకు ఎక్కించి బరువు చెప్పనిస్తే సరిపోయేది. నువ్వేమో అతన్ని టీ తాగించి పంపేశావు. అది యాస సమస్య కాదు. మన భాష మీద జరిగిన అన్యాయం నిజమే కానీ ప్రతి విమర్శకూ దాన్ని అడ్డం పెట్టుకోవడం మనకు అలవాటైపోయింది.

జవాబు రాస్తానన్నావు, పత్రికకు. వద్దు. స్నేహితులతో ఎడిటర్‌కు ఉత్తరాలు రాయించడం అసలే వద్దు, అవి ఎవరు రాయించారో ఎడిటర్‌కు చదవగానే తెలుస్తుంది. జవాబు చెప్పదగ్గ నింద ఉండదని కాదు. తెలంగాణలో కవులే లేరన్న మాట పడినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులను ఒకచోట చేర్చి గోలకొండ కవుల సంచిక అచ్చు వేయించాడు. లేరు అన్నదానికి లెక్క తీసి చూపించొచ్చు. నచ్చలేదన్నదానికి ఏ లెక్క తీస్తావు? పైగా మన ఊళ్లో సాహిత్యం వాళ్లంతా గుప్పెడు మంది. ఈ నెల పోట్లాడిన మనిషి వచ్చే నెల రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయంలో మీటింగ్‌కు వస్తే నీ పక్క కుర్చీలోనే కూర్చుంటాడు.

నీకు దక్కిన సమీక్ష ఎంత నయమో తెలియాలంటే నా రెండో పుస్తకానికి వచ్చింది చూపించాలి. ముందుమాట రాసిన పెద్దాయన ఒక పాత్ర పేరు తప్పు రాశారు. సమీక్షలో ఆ పాత్రకు అదే తప్పు పేరుంది. ముందుమాట దాటి లోపలికి పోలేదన్నమాట. అందులో అన్నీ పొగడ్తలే. దాచుకున్నాను, నవ్వు రానప్పుడు తీసి చదువుకుంటాను.

రెండో ముద్రణ దాకా ఆగాలి కదా అంటావేమో. కథను ఇప్పుడే దిద్దిపెట్టుకో, వేసిన ఐదు వందల కాపీలు అయిపోయేటప్పటికి చేతిలో ఉంటుంది. దానికంటే ముందు సగం రాసి పక్కన పడేసిన ఆ బీడీ కార్ఖానా కథ పూర్తి చెయ్యి. కటింగ్‌ను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నా రోజూ చూసుకోకు. నాకు పంపావు కదా, నా దగ్గరే ఉండనీ.

మిర్చి సీజన్ నడుస్తోంది. శని, ఆదివారాలు యార్డు బంద్ ఉంటుంది, సోమవారం సరుకు బాగా వస్తుంది. ఆదివారం రాత్రికే మా ఇంటికి వచ్చెయ్. పొద్దున్నే ఎనుమాములకు పోదాం, జెండా పాట మన కోసం ఆగదు. ముక్కుకు కట్టుకోవడానికి మంచి గుడ్డ ఒకటి తెచ్చుకో, నా దగ్గరున్నవి పలచటివి.

నీ అక్క